షేవింగ్ సబ్బు, బ్రష్, ఆఫ్టర్ షేవ్: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాత్‌రూమ్ అరలో సబ్బు డబ్బా, బ్రష్ చూసినవాళ్ళు ఊరుకోరు. బావమరిది అడిగిందే ఆఫీసులో కుర్రాడూ అడుగుతాడు, అదే మళ్ళీ డల్లాస్ నుంచి పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి అడుగుతాడు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. మొదటినుంచి చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడ చూసుకోండి. నేను డాక్టర్ని కాను, సబ్బుల వ్యాపారినీ కాను. పదేళ్ళుగా ఇలా గీసుకుంటున్నవాణ్ణి, అంతే.

## కొనే ముందు

ట్యూబు క్రీము, డబ్బా ఫోమ్ ఉండగా ఈ సబ్బు గొడవ ఎందుకండీ?

డబ్బా ఫోమ్ నొక్కితే బుస్సుమని వచ్చేదాంట్లో ఎక్కువ భాగం గ్యాసే. ముఖమంతా తెల్లగా కనబడుతుంది కానీ వెంట్రుక నానదు. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాలు తడి తగిలితే నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది, బ్లేడుకి శ్రమ తగ్గుతుంది. బ్రష్‌తో సబ్బు రుద్దుతూ కూర్చుంటే ఆ రెండు మూడు నిమిషాలు వాటంతటవే గడిచిపోతాయి. అసలు లాభం అదే.

ట్యూబు క్రీము వాడేవాళ్ళు ఈ దారిలో సగం దూరం వచ్చేసినట్టే. అందులో ఉన్నదీ సబ్బే, నీళ్ళ పాలు ఎక్కువ. దాన్ని వేళ్ళతో కాకుండా బ్రష్‌తో రాసి చూడండి, తేడా తెలుస్తుంది. పొద్దున్నే ఏడున్నర కంపెనీ బస్సు పట్టుకోవాల్సినవాళ్ళు మాత్రం దీన్ని ఆదివారానికి పెట్టుకోవడం మంచిది. హడావుడిలో చేస్తే సబ్బు మీద విరక్తి పుడుతుంది.

స్నానం సబ్బుతో సరిపోదా? మా తాతగారు దాంతోనే కానిచ్చేవారు

రెండూ సబ్బులే గానీ పని వేరు. ఒంటి సబ్బుని ఎక్కువగా పామాయిల్, కొబ్బరినూనె లాంటివాటిని కాస్టిక్ సోడాతో కలిపి చేస్తారు. దాని బుడగ పెద్దది, ఇట్టే చిట్లిపోతుంది. షేవింగ్ సబ్బులో స్టియరిక్ యాసిడ్ (కొవ్వుల్లో, నూనెల్లో ఉండే ఒక ఆమ్లం) పాలు ఎక్కువ, సోడాకి తోడు కాస్టిక్ పొటాష్ కూడా పడుతుంది. పొటాష్ వల్ల తడి బ్రష్‌కి సులువుగా కరిగి అంటుకుంటుంది. స్టియరిక్ యాసిడ్ వల్ల బుడగ సన్నగా, నురగ చిక్కగా వచ్చి, గీసేదాకా నిలబడుతుంది. పైన గ్లిసరిన్ ఉంటే తడి ఆరదు. తాతగారు ఒంటి సబ్బుతో గాటు పడకుండా గీసుకున్నారంటే అది చేతి నేర్పు, సబ్బు గొప్పతనం కాదు.

నేను శాకాహారిని. వీటిలో జంతువుల కొవ్వు ఉంటుందట కదా?

కొన్నిటిలో ఉంటుంది. అట్ట వెనక పదార్థాల వరసలో 'సోడియం టాలోయేట్', 'పొటాషియం టాలోయేట్' అని ఉంటే అది పశువుల కొవ్వే. పాతకాలపు ఇంగ్లీషు, ఇటాలియన్ సబ్బుల్లో ఇది మామూలు విషయం. ఇప్పటికీ దానికే ఓటేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. 'లానోలిన్' అంటే గొర్రె ఉన్ని నుంచి తీసిన జిడ్డు. 'స్టియరిక్ యాసిడ్' అని ఊరికే రాస్తే మొక్కదో జంతువుదో తెలియదు. పామ్, కొబ్బరి, షియా వెన్న మాత్రమే రాసినవి, లేదా ఆకుపచ్చ చుక్క ఉన్నవి చూసుకోండి. మన దగ్గర దొరికేవాటిలో అలాంటివి బోలెడు.

సబ్బు దగ్గర ఇంత జాగ్రత్త పడి బ్రష్ దగ్గర మర్చిపోతుంటారు. 'బోర్' బ్రష్ అంటే పంది వెంట్రుక, 'బ్యాడ్జర్' కూడా జంతువుదే. పట్టింపు ఉంటే సింథటిక్ తీసుకోండి.

మొదటిసారి ఏమేం కొనాలి?

ఒక సబ్బు, ఒక సింథటిక్ బ్రష్. రేజర్ ఇప్పుడున్నదే వాడండి. గిన్నె కొనొద్దు, వంటింట్లో పాత స్టీలు గిన్నె చాలు. ఇంట్లో అడిగి తీసుకోండి, అడక్కుండా తీసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.

సబ్బుల్లో చవకగా మొదలుపెట్టాలంటే టర్కీవాళ్ళ ఆర్కో స్టిక్ మంచిది, వాసన మాత్రం బట్టల సబ్బుని గుర్తుచేస్తుంది. కాస్త ఖర్చుపెట్టగలిగితే ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి వచ్చే ప్రొరాసో. ఆకుపచ్చ డబ్బాలో యూకలిప్టస్, మెంథాల్ ఉంటాయి. లండన్ టేలర్ ఆఫ్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్ 1854 నుంచి ఉన్న పేరు, వాళ్ళ క్రీములు మెత్తగా, కొత్తవాళ్ళకి సులువుగా లొంగుతాయి. దేశీ క్రీము ట్యూబుతో మొదలుపెట్టినా తప్పు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను: ఆఫర్ ఉందని ఒకేసారి ఐదు కొనొద్దు. చేయి తిరగకముందు ఐదూ ఒకేలా అనిపిస్తాయి.

పక్, క్రోప్, స్టిక్, క్రీము అంటారు. ఏమిటీ తేడా?

గట్టిదనంలో తేడా. పక్ అంటే గుండ్రటి గట్టి బిళ్ళ, నెలల తరబడి వస్తుంది. క్రోప్ అంటే సబ్బుకీ క్రీముకీ మధ్యస్థం, ఇటలీవాళ్ళకి ఇష్టం. స్టిక్‌ని నేరుగా తడి గడ్డం మీద రుద్ది తర్వాత బ్రష్ తిప్పుతారు. ఊళ్ళు తిరిగేవాళ్ళకి అది హాయి.

బ్రష్‌ల్లో ఏది మంచిది?

సింథటిక్ నానబెట్టక్కర్లేదు, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఆ ఆరడమే పెద్ద సుగుణం. బోర్ బ్రష్ మొదట్లో గరుకుగా ఉండి వాసన కొడుతుంది. వారాల తరబడి వాడితే కొసలు చీలి మెత్తబడుతుంది, అప్పుడిక వదలబుద్ధి కాదు. బ్యాడ్జర్ నీళ్ళు బాగా పట్టి ఉంచుతుంది, ఖరీదెక్కువ.

చాలామందికి తెలియని కథ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకతో చేసిన చవక బ్రష్‌ల వల్ల అమెరికాలో, బ్రిటన్‌లో కొందరికి ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు వెంట్రుకని శుద్ధి చేసే వాడతారు కాబట్టి భయం లేదు. అయినా సంతలో ఊరూపేరూ లేని పాత బ్రష్ కొనమని మాత్రం చెప్పను.

## నురగ దగ్గర

ఎంత తిప్పినా నురగ రావట్లేదు. సబ్బు డూప్లికేటా?

సబ్బుని తిట్టే ముందు నీళ్ళని చూడండి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిస్తే నురగ రాదు, తెల్లటి తెట్టు వస్తుంది. బకెట్ అంచున, కుళాయి మూతి మీద పేరుకునే తెలుపు ఉంది చూశారూ, మీ ఇంట్లో అది ఎంత ఉంటే ఈ సమస్య అంత.

నా సంగతే చెప్తాను. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారిన కొత్తలో ఇష్టపడి తెప్పించుకున్న విదేశీ సబ్బు రెండు నెలలు చుక్కలు చూపించింది. కప్పులో బూడిదరంగు నీళ్ళు తప్ప ఏమీ లేదు. అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఒక పెళ్ళికి రాజమండ్రి వెళ్తూ అదే సబ్బు పట్టుకెళ్ళాను. గోదావరి నీళ్ళు తగిలేసరికి నురగ పొంగి గిన్నె దాటింది. అమ్మినవాడిది తప్పు కాదు, మా అపార్ట్‌మెంటు సంపుది.

ఇప్పుడు నేను చేసేది చిన్న పని. ఆర్వో ఫిల్టర్ నీళ్ళు ఒక గ్లాసు పట్టుకుని బ్రష్ తడపడానికీ, నురగ చేయడానికీ వాటినే వాడతాను. ముఖం కడగడానికి, రేజర్ ముంచడానికి బోరు నీళ్ళు చాలు. కాచి చల్లార్చితే కొంత కాఠిన్యమే పోతుంది, సల్ఫేట్ల వల్ల వచ్చేది అలాగే ఉంటుంది. నిమ్మరసం పిండమని ఎవరైనా చెప్తే వినకండి, పులుపు తగిలితే సబ్బు విరిగిపోతుంది. పదార్థాల్లో 'ఈడీటీఏ' (కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచే రసాయనం) అని ఉన్న సబ్బులు ఉప్పు నీళ్ళని కాస్త బాగా తట్టుకుంటాయి.

నీళ్ళు మంచివే అయినా రాకపోతే సబ్బు తక్కువ తీసుకుంటున్నారన్నమాట. తడి బ్రష్‌ని ఒకసారి విదిలించి, సబ్బు మీద అర నిమిషం పాటు తిప్పండి. కొత్తవాళ్ళంతా ఐదు సెకన్లకే ఆపేస్తారు.

నీళ్ళు ఎంత కలపాలి? ఎప్పుడు ఆపాలో తెలియట్లేదు

వంటింటి లెక్కలో చెప్తాను. గారెల పిండిలా నిలబడి ఉంటే నీళ్ళు చాలలేదు. మజ్జిగలా చెంప మీంచి జారితే ఎక్కువయ్యాయి. చిలికిన మీగడ పెరుగులా ఉండాలి. పైన సన్నటి మెరుపు కనబడాలి, వేళ్ళ మధ్య రుద్దితే జర్రున జారాలి.

నీళ్ళు ఒకేసారి పోయొద్దు. బ్రష్ కొసని నీళ్ళలో ముంచి తిప్పండి, మళ్ళీ ముంచి తిప్పండి. నాలుగైదుసార్లు పడుతుంది. మొదట్లో అందరూ చేసే తప్పు నురగ కొండలా లేవగానే ఆపేయడం. ఎత్తుగా లేచిన నురగ ఫోటోకి బాగుంటుంది, అందులో గాలి ఎక్కువ. ఇంకో రెండు చుక్కలు వేసి తిప్పితే కాస్త కూలబడి చిక్కబడుతుంది. బ్లేడుకి కావాల్సింది అది.

ఒక ఆదివారం గీసుకోకుండా, ఉత్తినే నురగ చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి చూడండి. పావుగంటలో నెల రోజుల అనుభవం వస్తుంది.

కప్పులో తిప్పాలా, ముఖం మీదే తిప్పాలా?

మొదటి నెల కప్పులో. ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది. తర్వాత ముఖం మీదకి మారండి. బ్రష్ తిరిగినకొద్దీ వెంట్రుక లేచి నిలబడుతుంది, చన్నీళ్ళ రోజుల్లో కూడా గడ్డం బాగా నానుతుంది. చర్మం సున్నితంగా ఉండి ఎర్రబడేవాళ్ళకి కప్పే మేలు. వాళ్ళు సున్నం వేసినట్టు పైపైన అద్దుకుంటే చాలు.

సబ్బు మీద నీళ్ళు పోసి నానబెట్టాలా?

గట్టి బిళ్ళ అయితే ఒక చెంచా గోరువెచ్చటి నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచండి. మెత్తటి సబ్బుకి అవసరం లేదు, పాడవుతుంది.

షేవింగ్ స్నానానికి ముందా, తర్వాతా?

గడ్డం మెత్తబడాలంటే స్నానం తర్వాతే మంచిది. మన ఇళ్ళలో అలా కుదరదని నాకూ తెలుసు. క్షవరం అయ్యాక స్నానం చేయాల్సిందే అనే పెద్దవాళ్ళున్న ఇంట్లో, స్నానం చేసొచ్చి రేజర్ పట్టుకుంటే మళ్ళీ బకెట్ పెట్టిస్తారు. దానికి మధ్యేమార్గం: గోరువెచ్చటి నీళ్ళతో ముఖం కడుక్కుని, తడి తువ్వాలు వేడిగా రెండు నిమిషాలు గడ్డం మీద వేసి ఉంచండి. సెలూన్‌లో చేసేదీ ఇదే.

## గీసేటప్పుడు

మూడు బ్లేడ్ల కార్ట్‌రిడ్జ్‌తో ఈ సబ్బు వాడచ్చా?

నిక్షేపంగా. చిక్కటి నురగ బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి రెండు గీతలకోసారి నీళ్ళలో ఆడించండి.

పాతకాలం రేజర్‌కి మారదామనుకుంటున్నాను. తెగదా?

తెగుతుంది, మొదటి వారం. కింగ్ క్యాంప్ జిలెట్‌కి 1904లో పేటెంట్ వచ్చిన ఆ నమూనాలో పెద్దగా మార్పేమీ రాలేదు, రెండు అంచుల పల్చటి బ్లేడు, పైన మూత, కింద పళ్ళెం. కార్ట్‌రిడ్జ్‌కి అలవాటుపడ్డ చేయి నొక్కుతుంది, ఇక్కడ నొక్కకూడదు. రేజర్ బరువే పని చేయాలి. చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలు, చిన్న చిన్న గీతలు. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ లాంటి బ్లేడు నాలుగైదుసార్లు వస్తుంది, లాగుతున్నట్టు అనిపించగానే మార్చేయండి.

వాడిన బ్లేడు చెత్తబుట్టలో ఊరికే పడేయకండి. మూతకి సన్నటి చీలిక పెట్టిన పాత రేకు డబ్బాలో వేస్తూ పోతే ఏళ్ళు నిండదు. మన చెత్త చేత్తో ఏరేవాళ్ళున్నారు.

ఎదురు గీస్తే నున్నగా వస్తుంది. గీయచ్చా?

ముందు మీ వెంట్రుక వాలు ఎటో తెలుసుకోండి. రెండు రోజుల గడ్డం మీద వేలితో నిమిరితే ఎటు గరుకుగా తగులుతుందో అది ఎదురు. చెంపల మీద కిందికి ఉంటుంది, మెడ దగ్గర చాలామందికి పక్కకో, సుడి తిరిగో ఉంటుంది. మొదటిసారి వాలు వెంబడి, మళ్ళీ నురగ రాసి అడ్డంగా. ఇంతటితో ఆగినా ఆఫీసుకి చాలు.

ఉంగరాల వెంట్రుక ఉన్నవాళ్ళు మెడ మీద ఎదురు గీస్తే కొస చర్మంలోకి తిరిగి, కురుపులా లేస్తుంది. ఆ అలవాటు మానడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మంచి సబ్బు రాసినా ఈ సమస్య పోదు, గీత దిశ మార్చాల్సిందే.

అయ్యప్ప మాల తీశాక 41 రోజుల గడ్డం ఉంది. దీంతో గీయచ్చా?

నేరుగా వద్దు. అంత పొడవు గడ్డంలో నురగ పైనే ఉండిపోతుంది, బ్లేడు రెండో గీతకే పూడుకుపోతుంది. ముందు ట్రిమ్మర్‌తో మొదలంటా తీసేయండి. తర్వాత ముఖం కడిగి, మామూలుకంటే ఒక నిమిషం ఎక్కువ నురగ పట్టించి, వాలు వెంబడి ఒక్కసారే గీసి వదిలేయండి. నెలన్నరగా బ్లేడు తగలని చర్మం కదా, ఆ రోజు ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్ షేవ్ కూడా వద్దు.

మొటిమలున్నాయి. బ్రష్ వాడచ్చా?

చీము పట్టినవి ఉంటే వాటి మీద బ్రష్ రుద్దకండి, తగ్గేదాకా చేత్తో క్రీము రాసుకోండి. తగ్గకపోతే చర్మం డాక్టర్‌కి చూపించాలి. ఇది సబ్బు మారిస్తే తీరే విషయం కాదు.

## ఆఫ్టర్ షేవ్

అసలు ఆఫ్టర్ షేవ్ అవసరమా?

అవసరం కాదు, సరదా. ఒకే కత్తి పదిమంది గడ్డాల మీద తిరిగిన రోజుల్లో, యాంటీబయాటిక్స్ లేనప్పుడు, గీసిన చోట ఆల్కహాల్ రాయడానికి అర్థం ఉంది. మీ బ్లేడు మీ ఒక్కరిదే అయినప్పుడు చల్లటి నీళ్ళతో కడిగి, ఏదైనా తేలికపాటి మాయిశ్చరైజర్ రాసుకున్నా సరిపోతుంది. నేను మానేయగలనా అంటే మానలేను. పని మొత్తంలో నాకు ఇష్టమైన ఘట్టం అదే.

భగ్గుమని మండితేనే పని చేస్తున్నట్టా?

కాదు. మన చర్మంలో వేడిని కనిపెట్టే నరాల కొసలు మామూలుగా 42 డిగ్రీల దగ్గర 'కాలుతోంది' అంటాయి. ఆల్కహాల్ తగిలితే ఆ గీత సుమారు 34కి దిగిపోతుంది, అంటే ఒంటి వేడికే అవి గగ్గోలు పెడతాయి. ఆ మంట క్రిములు చచ్చే చప్పుడేమీ కాదు. రెండు మూడు సెకన్లు చురుక్కుమని పోతే సరే. అర నిమిషం దాటి మండుతుంటే మీరు గట్టిగా నొక్కి గీశారనో, బ్లేడు మొద్దుబారిందనో అర్థం.

మెంథాల్, అంటే మన పిప్పర్మెంటు పువ్వు, దీనికి తిరగబడ్డ మాయ. అది చల్లబరచదు, చల్లదనాన్ని కనిపెట్టే నరాన్ని తట్టి లేపుతుంది. మాయే అయినా మే నెలలో రెంటచింతల ఎండకి అంతకంటే హాయి లేదు.

స్ప్లాషా, బామా?

స్ప్లాష్ నీళ్ళలా ఉంటుంది, చాలావాటిలో సగమో అంతకంటే ఎక్కువో ఆల్కహాలే, రాసిన క్షణంలో ఆరిపోతుంది. బామ్ పాలమీగడలా ఉంటుంది, చర్మానికి తేమ పడుతుంది. జిడ్డు చర్మానికీ, కోస్తా ఉక్కపోతకీ స్ప్లాష్. పొడి చర్మానికీ, ఆదిలాబాద్ చలికీ, షికాగోలో హీటర్ కింద ఉండేవాళ్ళకీ బామ్. నేను డిసెంబరు, జనవరిల్లో బామ్‌కి మారిపోతాను.

సెలూన్‌లో రుద్దే పటిక మంచిదేనా?

మంచిదే, పైగా ఈ పేజీలో చెప్పిన వస్తువులన్నిట్లో చవకైంది. పటిక అంటే పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేటు లవణం. తడి చర్మం మీద రుద్దితే రక్తనాళాల మూతులు బిగుసుకుని, ప్రొటీను గడ్డకట్టి, చిన్న గాట్ల నుంచి రక్తం ఆగుతుంది. క్రిములనూ కొంత అణుస్తుంది. కిరాణా కొట్లో, ఆయుర్వేద దుకాణంలో గడ్డ దొరుకుతుంది. పటిక అని స్పష్టంగా అడగండి. మా చిన్నాన్న కొడుకు పటికబెల్లం పట్టుకొచ్చాడు.

వాడే పద్ధతి: ముఖం మీద సబ్బు పూర్తిగా కడిగేయాలి, లేకపోతే పటిక తగలగానే సబ్బు తెట్టు కట్టి జిగటగా అవుతుంది. గడ్డని తడిపి, గీసిన చోటల్లా ఒకసారి తిప్పి, నిమిషం ఆగి, నీళ్ళతో కడిగేయండి. కడక్కుండా వదిలేస్తే చర్మం లాగేసినట్టు పొడిబారుతుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మీరు ఎక్కువ నొక్కారన్నమాట, నా చేయి అలాగే దారికి వచ్చింది. గడ్డని ఆరబెట్టి దాచుకోండి, తడిలో ఉంటే కరిగిపోతుంది. ఒకరిది ఒకరు వాడకూడదు. సెలూన్‌లో అందరికీ తిప్పే గడ్డని నేనైతే వద్దంటాను, కొత్త బ్లేడు వేయమని అడిగినట్టే మొహమాటం లేకుండా.

తిరుమలలో గుండు చేయించుకున్నాక గంధం రాస్తారు. అదీ ఆఫ్టర్ షేవ్ లాంటిదేనా?

లాంటిదే. గీసిన తల మీద తడి గంధం ఆరుతూ వేడిని లాగేస్తుంది, మంట తగ్గినట్టుంటుంది. ఇంట్లో రాసుకునేట్టయితే చెక్క అరగదీసింది వాడండి. రంగు, సెంటు కలిపిన పొడి గీసిన చర్మం మీద దురద పెట్టచ్చు. గుండు మీద ఆల్కహాల్ స్ప్లాష్ పోసుకునే సాహసం మాత్రం చేయకండి.

'పాతకాలం సెలూన్ వాసన' అంటారు. ఏమిటది?

ఎక్కువగా లావెండర్, ఎండుగడ్డిని గుర్తుచేసే కూమరిన్, ఓక్ చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్. ఈ మూడిటి కలయికకి ఫూజేర్ అని పేరు. పారిస్‌లో ఊబిగాన్ సంస్థ 1882లో తెచ్చిన 'ఫూజేర్ రోయాల్' దీనికి మూలం. ఫూజేర్ అంటే ఫెర్న్ మొక్క. తమాషా ఏమిటంటే ఫెర్న్‌కి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు.

మన ఇళ్ళలో 'నాన్నగారి వాసన' అంటే మాత్రం చాలామందికి ఓల్డ్ స్పైసే. అది మసాలా దారి: లవంగం, దాల్చినచెక్క, కింద వనిల్లా తీపి. అమెరికాలో షల్టన్ సంస్థ 1937లో ముందు ఆడవాళ్ళ కోసం తెచ్చింది, మగవాళ్ళది 1938లో వచ్చింది. 1990లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనేసింది. నిమ్మ, నారింజ వాసనలు ఇష్టమైతే కొలోన్ రకాలు చూడండి. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా ఇల్లు 1709లో మొదలుపెట్టిన వరస అది. జర్మనీదే అయిన టాబాక్ 1959 నాటిది, పౌడరు, పూల వాసన. సీసా కొనే ముందు ఒక్కసారైనా మణికట్టు మీద రాసుకుని అరగంట తిరగండి. మూత తీసి చూస్తే తెలిసేది ఆల్కహాల్ వాసనే.

సెంటు బదులు ఆఫ్టర్ షేవ్ వాడచ్చా?

వాడచ్చు, నిలవదు. అందులో పరిమళం పాలు తక్కువ, గంటా రెండు గంటల్లో పోతుంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు సెంటు వేరే కొట్టుకోండి, చొక్కా మీద.

ఇంట్లో తయారుచేసుకోవచ్చా?

పన్నీరు, అంటే గులాబీ నీళ్ళలో నాలుగు చుక్కలు గ్లిసరిన్ కలుపుకోండి. అదే చాలు, అదే మంచిది. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, కర్పూరం, నిమ్మరసం జోలికి పోవద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం నల్లగా కమిలిపోతుంది.

నాకు పడుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

మోచేతి మడతలో చుక్క రాసి ఒకటి రెండు రోజులు చూడండి. దద్దురు, ఎరుపు వస్తే ముఖానికి వద్దు. పడనిది చాలాసార్లు పరిమళమే. అట్ట మీద లినలూల్, లిమొనీన్, ఓక్‌మాస్ లాంటి పేర్లు గుర్తుపెట్టుకుంటే ఏది పడట్లేదో కొన్నాళ్ళకి దొరికిపోతుంది.

## దాచుకోవడం, ప్రయాణం, ఇల్లు

ఒక సబ్బు ఎన్నాళ్ళొస్తుంది?

ఒక్కో షేవింగ్‌కి గ్రాము అటూ ఇటూగా ఖర్చవుతుంది. రోజూ గీసుకున్నా 100 గ్రాముల గట్టి బిళ్ళ మూడు నెలలు దాటుతుంది. వాడాక డబ్బా మూత వెంటనే పెట్టకండి, ఆరనివ్వండి. వర్షాకాలంలో మూత పెట్టేస్తే బూజు పడుతుంది.

బ్రష్ ముక్కవాసన వస్తోంది

సబ్బు లోపల మిగిలిపోయి, ఆరక వచ్చే వాసన అది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, విదిలించి, తువ్వాలు మీద నాలుగుసార్లు రాసి, గాలి ఆడే చోట పెట్టండి. బాత్‌రూమ్‌లో కాదు. వేడినీళ్ళలో మరిగించొద్దు, పిడి దగ్గర జిగురు ఊడి కుచ్చు చేతికొస్తుంది.

విమానంలో తీసుకెళ్ళచ్చా?

గట్టి సబ్బు, స్టిక్ చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు. విదేశీ ప్రయాణంలో క్రీము, బామ్, స్ప్లాష్ అన్నీ ద్రవాల లెక్కే, సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. రెండంచుల బ్లేడ్లు చేతి బ్యాగులో కుదరవు, చెక్ ఇన్‌లో వేయాలి. చెక్ ఇన్‌లో ఇలాంటి సామాను ఒక్కో సీసా అర లీటరు, మొత్తం రెండు లీటర్లు దాకా అనుమతిస్తారు. ఆల్కహాల్ స్ప్లాష్ మండే పదార్థం కాబట్టి పోస్టులో పంపుదామనుకుంటే వెనక్కి కొట్టేస్తారు. అమెరికా నుంచి వచ్చే బంధువుని అడగండి, సీసా చుట్టూ రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టమని కూడా చెప్పండి.

నాన్నగారి పాత సీసా దొరికింది. వాడచ్చా?

చీకటి బీరువాలో, మూత బిగుతుగా ఉంటే ఆల్కహాల్ ఉన్నది ఏళ్ళ తరబడి పాడవదు. పైనుండే నిమ్మ వాసనలు ముందు పోతాయి, మసాలా, కర్ర వాసనలు మిగులుతాయి. రంగు బాగా మారినా, పుల్లటి వాసన వచ్చినా, నూనె తేలినా ముఖానికి రాయకండి. రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుంటే నష్టం లేదు.

ఇంట్లోవాళ్ళకి ఈ వాసన అస్సలు పడట్లేదు. ఏం చేయాలి?

అరచేతిలో ఎంత పోస్తున్నారో చూసుకోండి. రూపాయి బిళ్ళంత చాలు, చాలామంది దోసిలి నింపుతారు. బాత్‌రూమ్ తలుపు వేసుకుని రాసుకుంటే వాసన అక్కడే తిష్ట వేస్తుంది, తర్వాత వెళ్ళినవాళ్ళకి తలనొప్పి. అలాగైనా పడకపోతే పరిమళం లేని విచ్ హేజెల్ (ఒక పొద మొక్క నుంచి తీసే) నీళ్ళకి మారండి. పిల్లలున్న ఇంట్లో సీసా పై అరలో ఉండాలి, అందులోది తాగకూడని ఆల్కహాల్. మాకు కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సీసా బాల్కనీ కిటికీ పక్కన ఉంటుంది, నేనూ అక్కడే నిలబడి రాసుకుంటాను.